అంచుల దాకా

శుక్రవారం సంతలో దినారున్నరకి దొరికింది కార్డు.
అమ్మినవాడికి దాని పేరు తెలీదు.
"టీవీ, కంప్యూటర్, సేమ్ సేమ్" అన్నాడు.
వెనక మూడు బొక్కలు:
పసుపు బొమ్మకి, ఎరుపూ తెలుపూ మాటకి.
ఎరుపుది విరిగి ఉంది.
సగం మాట చాల్లే అనుకున్నాను.

హసావిలో మా గదికి ఎనిమిది మంచాలు, ఒక కిటికీ,
కిటికీ నిండా ఏసీ.
మూత లేని నా కంప్యూటర్
పేగులు బయటేసుకుని మస్తాన్ మంచం కింద పడుకుంటుంది.
మూడు రాత్రులు తెర నిండా నీలమే.
"సముద్రం బాగా వస్తాంది సామీ" అన్నాడు గంగిరెడ్డి.
నాలుగో రాత్రి బొమ్మ వచ్చింది, నలుపూ తెలుపూ.
లిస్టులో ఏదో నొక్కాను, ఇంకేదో నొక్కాను,
ఉన్నట్టుండి ఒక న్యూస్ రీడర్ చీర వంకాయరంగుకి తిరిగింది.
ఎనిమిది మందిమీ చప్పట్లు కొట్టాం.

పక్కగది డిష్ నుంచి ఒక తీగ లాక్కున్నాం.
ఒకటే తిరకాసు, మా బొమ్మ కాస్త వెనకబడి వస్తుంది.
గోడకవతల నవ్వేశాక మా తెర మీద జోకు పుడుతుంది.
క్రికెట్ అయితే మరీ.
మా బౌలర్ ఇంకా పరిగెడుతూ ఉంటాడు,
పక్కగదిలో అప్పటికే తలలు బాదుకుంటుంటారు.
ఏమైందో తెలిసి కూడా
ఏమో, కాదేమోనని చూస్తాం.

పెంచలమ్మ వచ్చింది ఒక శుక్రవారం మధ్యాహ్నం.
రుమైతియాలో ఒకే ఇంట్లో పదకొండేళ్లు.
ఆ ఇల్లు మారుతున్నారు.
సంచిలో అరచేతంత కెమెరా, లోపలే ఇరుక్కున్న టేపు.
"చెత్తలో పడేసింటే తీసుకున్యా, దొంగతనం కాదు నాయనా"
అని రెండుసార్లు చెప్పింది.
ఛార్జర్ లేదు. పాత ఫోన్‌ది ఒకటి కోసి అతికించాను.
డిష్ తీగ పీకి కెమెరా తీగ పెట్టాను.

గంట టేపు గంటసేపే ఎక్కుతుంది,
తొందరపెట్టే బటన్ లేదు.
వాళ్లంతా వరండాలోకి వెళ్లి చెప్పుల మధ్య కూర్చున్నారు.
ఆమె గంగిరెడ్డి మంచం కొసన.

తెర మీద ఒక హాలు, తివాచీ, దానా అనే పిల్ల.
"ఇది చూసిందే" అంది పెంచలమ్మ.
"చుట్టాలు వచ్చినప్పుడల్లా ఏస్తారు, పెద్ద టీవీలో.
నేను సోఫా ఎనకాల టీ పట్టుకోని చూసేదాన్ని.
ఇప్పుడు నడుస్తాది చూడు, ఎవురూ పట్టుకోకుండా."

దానా లేచింది. ఒక అడుగు. ఇంకొకటి.
అరబీలో ఎవరో కేక వేశారు, సగం మాటలో.
పెంచలమ్మ ముందుకి వంగింది.

తెర ఎడమ చివర, బొమ్మ అయిపోయే చోట,
చెదలు తిన్నట్టు వణికే నల్లగీత పక్కనే
ఒక చెయ్యి.
మణికట్టు మీద తేలు పచ్చబొట్టు.
రెండు వేళ్లు పిల్ల గౌను కొసని పట్టుకుని ఉన్నాయి.

ఆమె తన కుడిచెయ్యి తిప్పి చూసుకుంది,
తేలు అక్కడే ఉందో లేదో అన్నట్టు.
"ఇన్నాళ్లు ఇది యాడుండె?"

చెప్పాను నాకు తెలిసినంత.
టీవీ ప్రతి బొమ్మకీ నాలుగువైపులా కాస్త కోసి చూపిస్తుందమ్మా,
అంచులు బాగుండవని.
ఈ కార్డుకి కోయడం రాదు.

"మల్లా ఆ తట్టుకి పో."
పోయాను.
"మల్లా."
మూడోసారి తిప్పుతుంటే టేపు కీచుమంది,
నాకు భయమేసింది, ఆమెకి వెయ్యలేదు.

"దీన్ని సీడీలో ఏసిస్తే, టీవీలో కనపడతాదా?"
కనపడకపోవచ్చన్నాను.
కాసేపు ఆలోచించింది.
"అట్లయితే ఈడనే ఉండనీ.
శుక్రవారం శుక్రవారం వస్తా."

టీ చల్లారింది. గంగిరెడ్డి మళ్లీ కాచాడు.
పక్కగదిలో ఒక్కసారిగా అందరూ విరగబడి నవ్వారు.
మా తీగ ఇంకా కెమెరాలోనే ఉంది.
ఆ జోకేమిటో మాకు చేరనే లేదు.