సెలవురోజు నిప్పు

అరటిబోదె వెనక
ఎవరికీ కనపడకుండా
ఎర్ర సిలిండరొకటి దాచాను.
పక్కనే రెండు బకెట్ల ఇసుక.
పెళ్లికొడుకు తరఫువాళ్లు చూస్తే నవ్విపోతారని
వాటిమీద మా అమ్మ పసుపు చీర కప్పాను.

పదకొండేళ్లుగా సాన్ ఫెర్నాండో ఫైర్ స్టేషన్లో ఉద్యోగం.
చెరకుతోటలు, టైర్ల కొట్లు, ఒకసారి ఒక బడి
తగలబడుతుంటే వెళ్లి ఆర్పి వచ్చినవాణ్ణి.
దక్షిణ ట్రినిడాడ్ నిప్పుకి నా మొహం తెలుసు.
ఇవాళ దాన్ని మా ఇంటికే
పిలిచి పీట వేశారు.

ఇంద్రౌతికి ఆరేళ్లప్పుడు
కిరసనాయిలు స్టవ్వు అంటుకుని
కుడి అరచెయ్యి కాలింది.
గీతలన్నీ కరిగి ఒకటే గీతైంది.
చెయ్యి చూసి జోస్యం చెప్పే ముసలమ్మ
"చదవడానికేం మిగల్లేదు బిడ్డా" అని లేచిపోయింది.
అప్పట్నుంచీ మా చెల్లి
అగ్గిపుల్ల గీసిన చప్పుడైతే గది మారుతుంది.
దీపావళికి మా ఇంట్లో అన్నీ బల్బులే.

"పండిట్‌జీ, నిప్పు లేకుండా కుదరదా?"
నెల ముందే అడిగింది.
సీనరైన్ పండిట్ వారమంతా టాక్సీ తోలతాడు,
ఆదివారాలు పెళ్లిళ్లు చేస్తాడు.
గేరు మార్చినంత నెమ్మదిగా అన్నాడు:
"సాక్షి లేకుండా సంతకం ఎలాగమ్మా?
నేను దాంతో మాట్లాడతాలే."

నాకా భాష రాదు.
ఆయనకీ అంతంతమాత్రమే.
ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ల తాత రాసుకున్న నోటుబుక్కు,
సగం మంత్రాలు నేతి మరకల కింద.
మరక వచ్చినచోట కళ్లు మూసుకుంటాడు.
అక్కడే ఆయన గొంతు బాగుంటుంది.

మామిడి పుల్లలు, కర్పూరం.
రేకుల మీద వాన మొదలైంది.
తాసా వాయించేవాళ్లు డోలు చర్మాలు కాచుకోడానికి
షెడ్డు కింద వేరే మంట వేసుకున్నారు.
వంటపాక దగ్గర ఇంకోటి.
అలవాటుకొద్దీ లెక్కపెట్టాను: మూడు.

కొత్త కొట్టంలో కట్టేసిన ఎద్దుని నిమిరినట్టు
ఆయన గొంతు మంటని నిమిరింది.
"స్వాహా" అనాలి. మా నోళ్లలో అది "సువాహా".
మధ్యలో ఒక అచ్చు ఎక్కువ.
ఆ ఎక్కువలో
చెల్లి ఒక ఊపిరి తీసుకుంది. నేను విన్నాను.

ఇక పేలాలు.
అన్న దోసిట్లో పొయ్యాలి, చెల్లి నిప్పులో వదలాలి.
నాకు ఉద్యోగం నేర్పింది ఒక్కటే:
మంటకి తిండి పెట్టకు.
కొమ్మ లాగెయ్, తలుపు మూసెయ్, గాలి ఆపెయ్.
అదే చేత్తో ఇవాళ
నేనే వడ్డిస్తున్నాను,
మధ్యలో మా చెల్లి చెయ్యి.

మొదటి దోసిలి ముందుకు కదల్లేదు.
దేవ్‌నాథ్ కిందనుంచి ఆ చేతులు పట్టుకున్నాడే గానీ
తొయ్యలేదు. మంచివాడు.
పండిట్ మంత్రం మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాడు,
తప్పు తనదే అయినట్టు.
మళ్లీ.
మూడోసారి వెనక వరసలో ముసలమ్మలు అందుకున్నారు,
సువాహా,
గుమ్మడికాయ కూర కలిపే మనిషి కూడా
గరిటె గాల్లో ఆపి, సువాహా.
నా మడమ ఇసుక బకెట్‌కి తగిలింది.

అప్పుడు వేళ్లు విచ్చుకున్నాయి.
చిటపట.
నాకు తెలిసిన చప్పుడే, కొట్లు కాలేటప్పటి చప్పుడే.
కానీ ఎవరూ పరిగెత్తలేదు.

ఒక్క గింజ మాత్రం
కాలిన మచ్చ ముడతలో ఇరుక్కుపోయింది.
ఇంద్రౌతి దాన్ని చూసింది.
నిప్పుకివ్వలేదు,
నోట్లో వేసుకుంది.
పండిట్ చూడనట్టే పేజీ తిప్పాడు.

రాత్రి వాళ్ల కారు వెళ్లాక
కుర్చీలు మడతపెట్టి, నీళ్ల బకెట్ ఎత్తాను.
"వద్దు" అన్నాడాయన, టాక్సీ తాళాలు వెతుక్కుంటూ.
"సాక్షిని గెంటకూడదు. తనంతట తనే లేచి వెళ్తుంది."

నిప్పురవ్వ మిగిలుండగా
చోటు వదలకూడదని మా రూలు.
అందుకని కూర్చున్నాను.
రెండున్నరకి వాన ఆగింది.
బూడిద కింద ఎర్రగా ఏదో
కన్ను తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.
ఏం చెయ్యాలో తోచక
నాకు వచ్చిన ఆ ఒక్క మాటా
మెల్లిగా దానికి చెప్పాను,
అచ్చు ఒకటి ఎక్కువేసి.