సగం పేరు

కొండ మీద బాబా పేరే పెట్టుకుంది మా అక్క వాడికి.
ఇసాక్ వలీ.
ఏడు గురువారాలు మెట్లెక్కి, ఎనిమిదో గురువారం
కడుపులో కదలిక తెలిసి
మెట్ల మీదే కూలబడి నవ్విందట.
పందొమ్మిదేళ్ళకి వాడు ఆ పేరులోంచి వలీని కోసేశాడు.
చచ్చినవాళ్ళ దగ్గర అడుక్కున్న పేరు నాకొద్దన్నాడు.

నేను హార్బరులో సరంగుని.
ముప్పైరెండేళ్ళు పైలట్ లాంచీ నడిపాను.
ఛానెల్లోకి ఏ జెండా ఓడని తెస్తున్నా
కొండ ఎదురు కాగానే
చెయ్యి దానంతటదే గుండె మీదకి పోయేది.
మా కలాసీ గురుమూర్తి
గుడికీ చర్చికీ దర్గాకీ, మూడు కొండలకీ దండం పెట్టి
"ఎవరి డ్యూటీ ఎప్పుడో తెలీదు కద సరంగూ" అనేవాడు.
ఈ మాట చెప్తే మావాడు నవ్వలేదు.
అప్పుడే పట్టించుకోవలసింది.

మొదట్లో ఏడ్చేవాడు.
అది దొంగేడుపంటే నా నోరు పడిపోద్ది.
ఫోనులో ఏదో ఊరు, కూలిన గోడ,
ఒంటి చెప్పుతో ఒక పిల్ల.
రాత్రి రెండింటికి దుప్పట్లో వెలుగు,
ఆ వెలుగులో వెక్కిళ్ళు.
ఏడుపు వాడిదే.
దాన్ని వడ్డీకి తిప్పినవాడు ఇంకెవడో,
ముఖం లేదు, గొంతు మటుకు తేనె,
తమ్ముడూ అని పిలిచేవాడు.
నేను ఒక్క రాత్రైనా ఆ దుప్పటి ఎత్తి
పక్కన కూర్చోలేదు.
పడుకోరా, పొద్దున పనుంది, అన్నాను.

అల్లాకి తొంభైతొమ్మిది పేర్లని
మా అబ్బా వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టించాడు.
మొదటి రెండూ దయే.
వీడి లెక్క ఆ రెంటినీ దాటేసి మొదలయ్యేది.

తర్వాత మలీదా ముట్టడం మానేశాడు.
తర్వాత వాళ్ళమ్మ పెట్టెలోని ఆకుపచ్చ చాదరు
పొయ్యి దగ్గర మసిగుడ్డయింది.
తర్వాత షిప్‌యార్డు అప్రెంటిస్ కాగితాన్ని
చింపకుండా, శుభ్రంగా మడతపెట్టి
దోమలు రాకుండా కిటికీ సందులో దోపాడు.
తర్వాత లేడు.

ఒకే ఒక్క ఫోను.
అవతల గాలి హోరు. మన గాలి కాదది, తడి లేదు.
"మామా, అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?"
అంతే.

టీవీలో చూపించారు ఒకనాడు,
ఎడారి ఊళ్ళో దర్గా, పైకప్పు లేదు.
నేల మీద చక్కెర, గులాబీలు, ఇంకేవో.
అక్క తెరకి ముక్కు ఆనించి
పడున్నవాళ్ళలో వెతకలేదు.
పరిగెడుతున్నవాళ్ళ వీపులు చూసింది.
"వీడు కాదు," అంది. "వీడూ కాదు."
ఇంతలో సబ్బు ప్రకటన వచ్చింది.

పోలీసులు మర్యాదగానే అడిగారు. మూడుసార్లు అడిగారు.
కోటవీధి టీకొట్లో నా గ్లాసు ఎవరూ విడిగా పెట్టలేదు,
నేను రాగానే మాటని పక్కన పెట్టేవారు.
ఎర్రయ్యమ్మ రెండు నెలలు చేపలు తేలేదు.
మూడో నెల చీటీ డబ్బులకొచ్చి
తట్ట దించి, నోట్లు రెండుసార్లు లెక్కెట్టుకుని
లేస్తూ లేస్తూ అడిగింది:
"అక్కడ గుంటడికి సేపలు దొరుకుతాయేటమ్మా?"
అక్క మొదటిసారి ఏడ్చింది ఆరోజే.

ఇప్పటికీ గురువారం మెట్లెక్కుతుంది, మెట్టుకోసారి ఆగి.
ముజావరు ఎవరి పేరు మీదమ్మా అంటాడు.
ఇసాక్, అంటుంది.
మిగతాది వెనకనించి నేనందిస్తాను.
వాడు తిరిగి రావాలని కాదట మొక్కు.
మరేటే అంటే చాన్నాళ్ళు చెప్పలేదు.
హార్బరులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేసిన సాయంత్రం
కొంగు పిండుకుంటూ చెప్పింది,
"ఎవడి చేతిలో వత్తి ఉన్నా తడిసిపోవాలని.
వాడి చేతిలోదైతే ముందు తడవాలని."

వాన. డాల్ఫిన్ నోస్ మీద లైటు తిరుగుతోంది.
ఆ దీపం ఏ ఓడనీ తన దగ్గరికి రమ్మనదు,
ఇక్కడ రాయి ఉంది, తప్పుకుని పో అంటుంది.
వాడి చిన్నప్పుడు, లాంచీలో, నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని
ఈ సంగతి చెప్పాననే గుర్తు.
చెప్పలేదేమో.