ఏ రంగు

మాధవరం మెట్రో గోతిలో రాత్రి పదకొండున్నర.
ఇరవై టన్నుల యంత్రం
బస్సు ఆపబోయి మనసు మార్చుకున్నట్టు
చెయ్యి సగం ఎత్తి నిలబడిపోయింది.

"పంపు పోయింది" అన్నాడు సైటు ఇంజనీరు.
ఫోన్లో అప్పుడే ధర కనుక్కుంటున్నాడు.
లోపల నిజంగానే
రేకు డబ్బాలో కంకర ఊపుతున్న చప్పుడు.

ఇరుదయరాజ్ అన్నన్ మాట ఒకటుంది:
పంపును ఆఖరున అనుమానించు.
ముందు చవకవి చూడు, ఆయిల్ మట్టం, నురగ, వదులైన క్లిప్పు.
లీకును మాత్రం వేలితో వెతక్కు, అట్టముక్క పెట్టు.
ఈ చివరి మాటకి
గాలిలో ఆడించే చూపుడువేలికి
పైకణుపు ఉండదు.
కంటికి ఆనని సూదిధార,
చీమ కుట్టినంత గుర్తు.
మూడోనాడు స్టాన్లీలో తీసేశారు.

అట్టముక్క అంతటా తిప్పాను. ఎక్కడా తడవలేదు.
ఆయిల్ తేనెరంగులోనే ఉంది, పాలరంగుకు తిరగలేదు.
గేజీ ముల్లు మాత్రం ఒకచోట నిలవదు.

మంగ్రా ఒరావ్, నడిపేవాడు,
వానకోటులోంచి సగం హిందీ, సగం తమిళంలో అన్నాడు:
"బీడీ తాగొచ్చేసరికి బాగవుతుంది సార్.
పది నిమిషాలు. మళ్ళీ ఇదే."

అరిగిన పంపు
బీడీ కాలినంతసేపు పడుకుంటే కోలుకోదు.

బకెట్ నేలకు దించాం. ఇంజను ఆపాం.
ఆపినా గొట్టాల్లో పంతం మిగిలే ఉంటుంది.
లీవర్లు అటూ ఇటూ ఆడించి
దాన్ని కూడా దింపేశాం.
ట్యాంకు మూత విప్పి భుజం దాకా ముంచాను.
వెచ్చగా ఆయిల్. అడుగున జల్లెడ.
జల్లెడ పక్కన తేలుతూ
మెత్తగా ఏదో వేళ్ళకు చుట్టుకుంది.

పిండి, టార్చి కింద పరిచాను.
జానెడు గుడ్డ. నీలం గళ్ళు.
పంపు పీల్చినప్పుడల్లా జల్లెడను మూసి,
ఆపినప్పుడల్లా వదిలి,
ఇన్నాళ్ళూ దాని ఊపిరితో ఆడుకుంది.

దీపావళికి ముందు ట్యాంకు కడిగింది నేను.
పాత లుంగీ చించింది నేను.
ఎన్ని పీలికలు లోపలికెళ్ళాయో, ఎన్ని బయటికొచ్చాయో
లెక్కపెట్టనిదీ నేనే.

మంగ్రా గుడ్డను చూశాడు. నన్ను చూశాడు.
ఏమీ అనకుండా ఎక్కి తాళం తిప్పాడు.
చెయ్యి లేచింది, వాన నీళ్ళు కారుస్తూ,
లైటు స్తంభం దాటి.

ఇంజనీరు రిజిస్టరు చాపాడు.
'కారణం' గడిలో 'గుడ్డ' అని రాశాను.
ఎవరిదని అడిగే గడి లేదు.

ఆదివారం అన్నన్ వస్తాడు.
ఆ పొట్టి వేలు వరసలు దిగుతూ దిగుతూ
ఇక్కడ ఆగుతుంది.
"ఏ రంగు?" అంటాడు.