తాళంచెవి రాని ఆట

కాశీబుగ్గలో మా హాలుకి
లేజరు మిషనొచ్చింది.
కొత్త తెర ఎంతంటే
హీరో కనురెప్ప ఒక్కటే మా వీధి అరుగంత.

రీలు లేదు. బ్లేడు లేదు. అతుకు లేదు.
సోంపేట నుంచి సైకిలు మీద
మూడో రీలు తెచ్చే పోలినాయుడూ లేడు.
పలకంత పెట్టెలో బొమ్మంతా ఉంటాది,
తాళంచెవి మాత్రం మెయిల్లో వస్తాది,
దానికో తారీకు, గంట, నిమిషం.

శుక్రవారం ఫస్ట్ షోకి అది రాలేదు.

బోనసు రోజని బాల్కనీ నిండా
జీడి బట్టీల ఆడోళ్లు.
కింద ఈలలు.
"ఓ తవిటయ్యా, తొంగున్నావేటి?"
గుమ్మంలో ఓనరు, ఫోను, చెమట.
నలభై ఏళ్లు కార్బన్ పుల్లలు రాజేసిన చెయ్యి,
ముట్టుకోడానికి ఏటీ లేదు.

తెల్ల వెలుగొక్కటే వదిలేను.
దాన్లో చెయ్యెట్టేను.

ఎప్పుడో కాలి వంకరపోయిన బొటనేలు
తెరమీద తాటిచెట్టయిపోనాది,
అంచులు మసకగా.
హాలు గప్‌చిప్.
ఏళ్లాడించేను. కుక్క మొరిగింది.
మొరిగినోడు నేల టిక్కెట్టు గుంటడు.

అప్పుడు బాల్కనీ చివరి వరసలోంచి
లేచేయి, ఒకటీ రెండూ కాదు,
గింజ కొట్టీ కొట్టీ
జీడి సొన తినీసిన చేతులు.
నీడకి మచ్చలుండవు.
కొంగలు, కుందేళ్లు,
ఎవరో తాబేలు చెయ్యబోయి
బూరె చేసీసేరు.

ఏడూ పన్నెండుకి తాళంచెవి వచ్చింది.
నేనేం నొక్కలేదు,
బొమ్మ దానంతటదే మొదలైపోనాది.
చేతులన్నీ దిగిపోనాయి.

ఒకటి దిగలేదు.
హీరో బుగ్గ మీద కాసేపు
అలాగే ఉండిపోనాది.

దించమని నాను అరవలేదు.