చివరి అంగుళం

పాత చెయ్యి గుంజకు కట్టిన గేదె.
పలుపు పొడుగెంతో అంత వంపులోనే తిరుగుతుంది.
రికార్డు మొత్తమ్మీద రెండంటే రెండు చోట్ల
గాడి వెంట సూటిగా నిలబడుతుంది,
మిగతా దారంతా ఓర నడకే.

ఈ సంగతి చెప్పింది నాగుల్ మీరా,
ఆటోనగర్‌లో లారీ యాక్సిళ్ళు కోసే లేతుకు ఆనుకుని
టీ గ్లాసు ఊదుకుంటూ.
"కోసినప్పుడు ఉలి తిన్నగా పోయుంటదమ్మా,
పాడేటప్పుడు ముల్లు వంకరగా పోతే ఎట్టా?"

జానెడున్నర స్టీలు రాడ్డు తిప్పాడు.
ఎమెరీ కాయితంతో రుద్దాడు, పాలిష్‌తో రుద్దాడు,
నా మొహం అందులో దారంలా సాగేదాకా రుద్దాడు.
దాని మీద పరిగెత్తే బుల్లి బండికి
చచ్చిన వీసీఆర్‌లోంచి నాలుగు బేరింగులు,
ఒక్కొక్కటీ మిరియం గింజంత.
ఎంతివ్వాలంటే "ముందు పలకనీ" అన్నాడు.

తీగలు నా వంతు.
గవర్నరుపేటలో పంతొమ్మిదేళ్ళుగా
ఫ్యాన్లకు రాగి చుట్టిన చేతులు.
ముప్పై ఆరు గేజి కళ్ళు మూసుకుని చెప్తాను.
ఇది అది కాదు. ఇది పుట్టువెంట్రుక.
ఎరుపు, ఆకుపచ్చ, తెలుపు, నీలం
నాలుగూ పళ్ళెంలో పెట్టి తుమ్మాను,
మూడు మిగిలాయి.
నీలం సాయంత్రానికి నా మోచేతి చెమటలో దొరికింది.

వార్నిషు గీకితే తెగిపోతుంది.
తలనొప్పి బిళ్ళ మీద కొస ఉంచి
కాలిన ఐరన్ ఆనిస్తే
ముక్కులు మండే పొగ, పొగ వెనక
తళుక్కుమని రాగి.
ఆ పూట కొట్లో ఇద్దరికి నిజంగానే తలనొప్పి.

అసలు తంటా అది కాదు.
బండిని లాగేది గాడి ఒక్కటే.
తీగ ఏమాత్రం బిర్రుగా ఉన్నా
ముల్లు ఒక గోడకే ఒరుగుతుంది,
వదులైతే రికార్డు మీద పడి పొర్లుతుంది.
నా తలపిన్ను వంచి పైన గుచ్చి
ముగ్గు మెలికలా వేలాడదీశాను.
ఫ్యాను గాలికి మెలిక ఊగింది.
రోహిణి కార్తె. ఫ్యాన్ల కొట్టు.
రిపేరైనవి పదమూడు, పదమూడూ ఆపేసి
కొంగుతో మెడ తుడుచుకుంటూ కూచున్నాం.

మొదట బుయ్యిమంది.
వేలు ఆనిస్తే ఆగింది, తీస్తే మళ్ళీ.
ఐదో తీగ, ఎర్తు, మర్చిపోయాను.
నాగుల్ మీరా నవ్వలేదు, అదే పదివేలు.

బాబాయి దేవసహాయం పెళ్ళి బ్యాండులో క్లారినెట్టు.
కంపెనీ యజమాని ఒకేడు సరదాపడి
మద్రాసులో రికార్డు కొట్టించాడు, నూరు కాపీలు.
ఊరేగింపుల్లో పంచగా మాకు మిగిలింది ఒకటి.
రెండో వైపు, లేబులుకు అంగుళం ఇవతల
ఎప్పుడూ చిరిగేది స్వరం, గాడా గుడ్డ చింపినట్టు.
ముల్లు మార్చాం, ముల్లు నెత్తిన పావలా బిళ్ళ పెట్టాం.
పిన్ని సువార్తమ్మ ప్రతిసారీ అనేది,
"మిషనుది కాదర్రా, అక్కడ ఆయనకి ఊపిరి చాల్లేదు."
సర్లే పిన్నీ అనేవాళ్ళం.

బండి కదిలింది. కదిలినట్టే లేదు.
బందరు రోడ్డు మీద బస్సు పోతే
నాగుల్ మీరా గుక్క బిగబట్టాడు.
చివరి అంగుళం వచ్చింది.
చిరుగు లేదు.

చిరుగు ఉండాల్సిన చోట
ఒక మనిషి గాలి పీల్చాడు,
గబుక్కున, దొంగతనంగా, చరణం నడిమధ్య.
పీక తడారి ఒక స్వరం సగమే పలికింది.
పక్కన సైడు డ్రమ్ము వాడెవడో
ఒక్క దెబ్బ ఆపి
ఆయన వచ్చేదాకా నిలబడ్డాడు.
తర్వాత ఇద్దరూ కలిసి వెళ్ళారు.

"రాడ్డుదా?" అన్నాడు నాగుల్ మీరా మెల్లగా.
కాదన్నాను.
పిన్ని క్యారేజీ మూత బిగించుకుంటూ
నా వైపు చూసింది, చెబుతుందనుకున్నా.
"అయిందిగా," అంది,
"ఇక ఆ ఫ్యాను వెయ్యండి."