కొమ్మురంగు

షేడు కార్డు విసనకర్రలా విప్పి చూపించాను,
తొమ్మిదొందల చిల్లర రంగులు.
హేమలతమ్మగారు దాన్ని మళ్లీ మడిచి
నా చేతిలోనే పెట్టేసి
"ఇందులో ఆయన లేడయ్యా" అన్నారు.

పర్లాకిమిడి. రాజవీధి వెనక సందు.
రెండు గదుల పెంకుటిల్లు.
బెహరా చలమయ్యగారు నలభై ఏళ్లు ఇక్కడే కూర్చుని
గేదెకొమ్ముల్ని కొంగల్ని చేశారు,
రొయ్యల్ని చేశారు, మీసాలతో సహా.
పోయి ఏడాది తిరిగింది. ముందుగదికి రంగెయ్యాలి.
ఏ రంగమ్మా?
"కొమ్మురంగు."

కొమ్మంటే నలుపే కదమ్మా,
మా ఇంటిపేరే గేదెల, నాకు తెలీదా అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
గూట్లోంచి ఒక దువ్వెన తీశారు,
పళ్లు సగం కోసి ఆపేసినది.
కిటికీకి అడ్డంగా పట్టారు.

నలుపు లేదు.
ఒకచోట చింతపులుసు తేట,
ఒకచోట పాత నెయ్యి,
మధ్యలో సన్నగా పొగ,
వంటింట్లోంచి వచ్చి దారి తప్పినట్టు.

సరే. ముప్ఫై ఏళ్ల చెయ్యి నాది.
పసుపు ఆక్సైడు, చిటికెడు జేగురు,
సూదిమొనంత బొగ్గు నలుపు.
గోడ మీద అరచెయ్యంత పూసి ఆరనిచ్చాను.
తడిగా ఉన్నంతసేపూ కొమ్మే.
ఆరాక ఆవపిండి.
ఇంకోటి. బెల్లప్పాకం అనుకుంటే బురదైంది.
మూడోరోజుకి ఆ గోడ
రకరకాల కుక్కలు పడుకున్నట్టుంది.
దాలిగాడు, నా దగ్గర పని నేర్చుకుంటున్న గుంటడు,
"గురువా, మనవిక్కడే ముసిలోల్లమైపోతాం" అన్నాడు.

బస్టాండు దగ్గర సాహు దుకాణంలో మిషనుంది,
ఏది చూపిస్తే ఆ రంగు కలిపి డబ్బాలో పోస్తుంది.
దువ్వెనని రుమాల్లో చుట్టి తీసుకెళ్లాను.
మిషను కన్ను దాని మీద ఆని టిక్కుమంది.
కుర్రాడు ఒడియాలో లెక్కపెట్టి తెలుగులో చెప్పాడు:
"బూడిద. నంబరు రాసుకోండి."
దీపానికెత్తి పట్టి చూడమను దాన్ని, అన్నాను.
"అలా చూడ్డం దానికి రాదు."

తిరిగొస్తుంటే గేటు పడింది. గుణుపురం బండి.
సైకిలాపి నిలబడ్డాను.
బండి కిటికీల్లోంచి అవతలి ఎండ
ముక్కలు ముక్కలుగా పోతోంది.
మనుషులు అడ్డమొచ్చినచోట
చెవులు ఎర్రగా వెలిగాయి.
అందరివీ చామనచాయ చెవులే, రోజూ చూసేవే.
గేటు లేచినా కదలలేదని
వెనక ఆటోవాడు నన్ను రెండు భాషల్లో తిట్టాడు.

గోడలోంచి వెలుతురు పోదు.
ఇంతే సంగతి.
ముప్ఫై ఏళ్లు గోడల్నే చూశాను.

"అమ్మా, ఆయన చెక్కగా మిగిలిన పొరలేవన్నా ఉన్నాయా?"
మంచం కింద రేకుపెట్టె.
వేడిచేసి అణిచినవి, నిమ్మతొక్కంత మందాన చీల్చినవి,
పురుగు తిన్నవి పోగా ముప్ఫై ఒకటి.
కిటికీ పైన వెంటిలేటరు, పడమటికి,
పగిలిన అద్దాల చోట అట్టముక్కలు.
అట్టలు పీకి పొరలు బిగించాం,
చిన్న మేకులతో, ఊపిరి బిగబట్టి.
రెండు విరిగాయి. ఆవిడకి చెప్పలేదు.
గోడలన్నిటికీ ఉత్త సున్నం, రెండు పూతలు,
నీలిమందు కూడా కలపనివ్వలేదు దాలిగాణ్ని.

నాలుగింటికి ఏమీ కాలేదు.
నాలుగున్నరకి టీ ఇచ్చారు, అల్లం ఎక్కువైంది.
గ్లాసు కింద పెట్టేలోగా
సున్నం గోడ మీదికి దిగింది,
ఎవరో మెట్లు చూసుకుంటూ దిగినట్టు.
హేమలతమ్మగారు గోడని చూడలేదు.
తన ముంజేతుల మీద పడ్డదాన్ని చూసుకుంటూ
"ఈ వేళప్పుడే దువ్వెనలు కోసేవారు,
ఇటు తిరిగి" అన్నారు.

రంగు డబ్బుల్లేవు. సున్నం ఖర్చు, నాలుగు రోజుల కూలి.
బేరమాడకుండా ఇచ్చారు,
దువ్వెన మాత్రం అడిగి పుచ్చుకున్నారు.

రాత్రి మా ఆవిడ
మన వంటింటికి ఏ రంగు, ఎప్పుడు అంది.
కార్డు తియ్యలేదు నేను.
కిటికీ తలుపు తోసి చూశాను:
పక్కింటి గోడ,
దాని మీద జానెడు ఆకాశం.