సగం టికెట్టు

చిత్తూరు నుంచి పెనుమూరు బస్సులో
నా పక్క సీటు బొమ్మది.
కాళ్ళు లేవు, చేతులు లేవు,
తల, రొమ్ము, అంతవరకే మనిషి.
"ఇదేందమ్మా, లగేజీనా, సగం టికెట్టా?"
కండక్టరు ఎప్పుడూ అడిగేదే.
నవ్వేది ఒకరిద్దరు,
మొహం తిప్పుకునేది మిగతావాళ్ళు.

మాది పెద్ద సంస్థేం కాదు.
కొంగారెడ్డిపల్లెలో టైలరు షాపు పైన ఒక గది,
ముగ్గురం మనుషులం, రెండు బొమ్మలు,
గుండె గీతలు తీసే మిషను ఒకటి.
మిద్దె ఎక్కేటప్పుడు దాన్ని
నిండు పాలక్యానులా ఇద్దరం పట్టుకుంటాం.

ఈ పనికి ముందు నాకొక తమ్ముడుండె.
చెంగల్రాయులు.
పెనుమూరు హైస్కూలు గ్రౌండులో
కబడ్డీ కూత మధ్యలో ఆగిపోయినాడు.
ఊపిరి బిగబట్టినాడనుకున్నారు.
అవతలి జట్టు పాయింటు లెక్కేసుకునింది.
నీళ్ళు చల్లినారు, ఉల్లిపాయ వాసన చూపించినారు,
చేతిలో తాళంచెవులు పెట్టినారు,
ఆటో కోసం ఒకడు రోడ్డుకు పరిగెత్తినాడు.
ఇరవైమందిమి చుట్టూ నిలబడి
గాలి రానీండి, గాలి రానీండి అని అరిచినాం.
నలభై చేతులు.
ఒక్కటీ వాడి రొమ్ము మీదికి పోలేదు.
ఎవరినీ ఏమీ అనను. ఆ నలభైలో రెండు నావి.

ఊరు దిష్టి అనింది.
మా యమ్మ మాత్రం
నిద్రలోనే పోయిన మా మామను తలుచుకునింది.
ఆ రెండు చావులకీ మధ్య ఒక దారముందని
తిరుపతిలో ఒక డాక్టరమ్మ చెప్పింది,
నా గుండె గీతను కిటికీ వెలుతురుకు పట్టి.

నేర్పడం మొదలుపెట్టిన కొత్తలో
నిమిషానికి నూటపది అంటే ఎవరికీ అందేది కాదు.
గడియారం చూస్తే చెయ్యి తప్పేది,
చెయ్యి చూస్తే లెక్క తప్పేది.
వెనక బెంచీలో పలకల కుప్పయ్య,
పిలవకుండానే వచ్చినాడు, టీ ఇస్తారని,
లేచి బల్ల మీద రెండు వేళ్ళతో కొట్టినాడు.
ఆ వేళ్ళు నాకు తెలుసు.
మా తమ్ముడి పాడె ముందర నడిచినవి.
నా ఒళ్ళు బిగుసుకునింది.
"అది కాదు పాపా," అన్నాడు బొమ్మ వైపే చూస్తా,
"చావుకు నిదానంగా కొడతాం, మోసేవాళ్ళు నడవాల గదా.
ఇది జాతర దెబ్బ.
గంగమ్మ ముందర వేషగాళ్ళు
ఆగకుండా ఎగరాలంటే కొట్టేది."
ఆ రోజు నుంచి మా పాఠంలో అంకెలు లేవు.

ఖోఖోలో ఎవరికీ చిక్కని రెడ్డెమ్మ, ఎనిమిదో తరగతి.
పోయిన నెల ఆ పిల్ల కాగితం మీద
నా గీతలోని మలుపే కనబడింది.
మందులున్నాయి, భయం లేదు,
పరుగు మాత్రం ఇప్పటికి వద్దన్నారు.
మూడు వారాలు నాతో మాట్లాడలేదు.
"అక్కా, మీరు రాకపోయుంటే
నేను జోనల్స్ ఆడుండేదాన్ని" అనింది నాలుగో వారం.
నిజమే. నా దగ్గర జవాబు లేకపోయె.

షాకిచ్చి గుండెను లేపే పసుపు డబ్బాను
హెడ్మాస్టరు బీరువాలో పెట్టి తాళమేసినాడు.
"ఖరీదైంది గదమ్మా, పోతే?"
ఆ తాళం తీయించడానికి ఐదు తూర్లు ఈ బస్సెక్కినాను.
ఇప్పుడది గ్రౌండు వైపు గోడకుంది,
సారు ఈల తగిలించే కొక్కెం పక్కన.

ఏడాదికోసారి దాతలకు లెక్క రాయాల.
నేర్చుకున్నవాళ్ళు: ఇన్ని వందలు.
తీసిన గీతలు: ఇన్ని.
డబ్బా వాడకం: సున్నా.
ఎన్ని ప్రాణాలు కాపాడినారు అనే గడి దగ్గర
పెన్ను ఆగుతుంది.
పడిపోనివాణ్ణి ఎట్లా లెక్కపెట్టేది?

ఈ పొద్దు కొత్త పిల్లలు
బొమ్మ చుట్టూ మోకాళ్ళ మీద కూర్చున్నారు.
రెండో నిమిషానికే దెబ్బ జారిపోతాంది.
గట్టు మీద ఒంటరిగా కూర్చున్న రెడ్డెమ్మ
ఎవరి వైపూ చూడకుండా
టిఫిన్ డబ్బా మూత తీసుకుని
రెండు వేళ్ళతో మొదలుపెట్టింది.
ఎవడో అలిసిపోయి చెయ్యి ఎత్తేసినాడు.
"ఒత్తరా" అనింది.